పాత సైకిలు, పెడళ్ళ ఇరుసు

మొన్నటి కార్తికమాసంలో జహీరాబాదు నుండి ఝరాసంగం కేతకీ సంగమేశ్వరస్వామి దర్శనానికి సైకిలుపైన బయలుదేరినాము. ఒక్క సైకిలుమీద ఎంతమందిమి అని శ్రోతలు నవ్వవద్దు. రేడియోలో మాట్లాడేవారికి ఈ బహువచనం పాత అలవాటు. అది మా నాయనగారు ముప్పది ఏండ్లు త్రొక్కిన సైకిలు. ఆయన పోయిన తరువాత వసారాలో గోడకు ఆనించి ఉన్నది. ఊరు దాటినామో లేదో, కాళ్ళక్రింద టక్కు టక్కుమని చప్పుడు మొదలైనది. పెడళ్ళు రెండూ ప్రక్కలకు ఊగసాగినవి. స్వామి దర్శనం ఆనాడు బస్సులో వెళ్ళి చేసుకొన్నాము. ఇంటికి రాగానే మా చిన్నవాడు, "పాత ఇనుముకు అమ్మేద్దాం నాన్నా" అన్నాడు. ఆ మాటకు మనస్సు చివుక్కుమన్నది. అమ్మేముందు ఒకసారి విప్పి చూడవలెననుకొన్నాము.

చట్రం అడుగున, సీటుగొట్టమూ ముందునుండి దిగే గొట్టమూ వెనుకచక్రానికి పోయే జంటగొట్టాలూ కలిసేచోట, అడ్డంగా ఒక పొట్టిగొట్టం ఉంటుంది. దుకాణాలవారు దీనిని బి.బి. అంటారు. అందులో ఒక ఇరుసు, ఇరుప్రక్కల మరలతో బిగిసే రెండు ఉక్కు కప్పులు, కప్పునకు పదకొండు చొప్పున పావు అంగుళపు గోళీలు ఉంటవి. మనిషి బరువంతా ఆ ఇరువది రెండు గోళీలమీదనే తిరుగుతుంది. మా జహీరాబాదు ఎర్రమట్టి దుమ్ము గ్రీజులో కలిసిందంటే, సానమీద గంధపుచెక్కవలె ఉక్కు అరిగిపోతుంది.

చప్పుడు విన్నంతనే ఇరుసు పోయిందనుకోరాదు. క్రాంకులను పట్టుకొని ప్రక్కలకు ఊపి చూడవలె. ఒకే క్రాంకు కదిలితే దోషం దాని కాటరు పిన్నుది. రెండూ కలిసి కదిలితే బి.బి.ది. మా సైకిలుకు రెండూ కదిలినవి. పిన్ను తీయునప్పుడు నట్టును దాని కొనతో సమంగా ఉంచి, క్రాంకుక్రింద గట్టి దిమ్మ ఆనించి, ఒక్కపెట్టున సుత్తితో కొట్టవలె. దిమ్మ లేకుండ కొట్టిన దెబ్బలు గోళీల మీదనే పడతవి.

ఎడమకప్పు తిన్నగానే ఊడి వచ్చినది. కుడికప్పు దగ్గర మేము పట్టభద్రులమన్న సంగతి మాకే అనుమానమైనది. అందరు ఎరిగినట్లే ఎడమవైపునకు త్రిప్పినాము. కదలలేదు. పానాకు ఇనుపగొట్టం తగిలించి మరీ త్రిప్పినాము. కప్పు అంచులు చితికినవి గాని అది కదలలేదు. చివరకు సైకిలును బస్టాండు దగ్గరి మేస్త్రీ వద్దకు నడిపించుకొని పోయినాము. డెబ్బది ఏండ్ల మనిషి, ఊరివారందరికీ చాచా. ఆయన చూచి, "బలమెందుకు పెడ్తరు సారూ? ఇది ఉల్టా చూడీ" అన్నాడు. కుడివైపునకు త్రిప్పగా కప్పు వదులైనది.

మరచుట్టును మేస్త్రీలు చూడీ అంటారు. ఉర్దూలో ఆ మాటకు గాజు అనికూడ అర్థం. తిరుగుడులోని కీలకం గాజులతోనే తెలుస్తుంది. పెద్దగాజును బల్లమీద కదలకుండ పట్టుకొని, అందులో చిన్నపిల్ల గాజును అంచుకు ఆనించి, దానిమీద కుంకుమచుక్క పెట్టి, లోపలి అంచువెంబడి గడియారపు ముల్లు తిరిగే దిక్కున దొర్లించండి. గాజు పోయే దిక్కొకటి, చుక్క తిరిగే దిక్కు దానికి ఎదురు. క్రాంకుతోపాటు త్రొక్కుడు ఒత్తిడి చుట్టు తిరుగుతున్నప్పుడు, కుడికప్పుకూడ ఇట్లే వెనుకకు జరుగజూస్తుంది. మామూలు మర అయితే త్రొక్కినకొద్దీ వదులవుతుంది. అందుకే ఇంగ్లీషు పద్ధతిలో కుడికప్పునకు ఎదురుమర కోసినారు. ఇటలీ పద్ధతిలో రెండువైపులా మామూలు మరలే; అక్కడి కుడికప్పు వదులవుతుందన్న పేరున్నది.

మన దేశంలో 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్ వెలసినప్పుడు నడిచినది ఇంగ్లీషు నమూనాయే. అందువల్లనే ఇరుసు, కప్పులు, గోళీలు నేటికీ చిన్న పట్టణాల దుకాణాలలో దొరుకుతున్నవి.

కడిగి చూడగా ఇరుసుమీదా ఎడమకప్పులోనూ గుంటలున్నవి. కుడికప్పు లోపల అద్దంవలె నున్నగా ఉన్నది. దానిని విప్పవలసిన పనియే లేదు; గుడ్డతో తుడిచి చూస్తే చాలేది. మా పానా అంచులు చెరచినందున దానినికూడ మార్చవలసి వచ్చినది. చాచా పాతగోళీలు ఒక్కటి ఉంచలేదు. గుంటలుపడిన కప్పులో క్రొత్తగోళీలు వేసినా నెలతిరుగకముందే పాడవుతవట.

క్రొత్తగ్రీజులో గోళీలు పొదిగి, ఎడమకప్పును ఊగుడు పోయేవరకు బిగించి, రవ్వంత వెనుకకు త్రిప్పి, అది కదలకుండ పట్టుకొని పైచుట్టు బిగించినాడు. ఒక పిన్ను నట్టు పైకి చూస్తుంటే రెండవదాని నట్టు క్రిందికి చూడవలె. లేకున్న క్రాంకులు ఒక గీతలో నిలువవు. ఈ మధ్య వచ్చిన సైకిళ్ళలో ఇరుసూ బేరింగులూ ఒకే మూసిన డబ్బాలో ఉంటవి. అరిగితే డబ్బానే మార్చవలె. దానికికూడ ఇంగ్లీషు పద్ధతిలో కుడివైపున ఎదురుమరయే.

ఆ ఆదివారం మా చిన్నవాడే సైకిలు తీసినాడు. ఝరాసంగం పోయి వచ్చి, "నాన్నా, సీటు కొంచెం ఎత్తు పెంచాలె" అన్నాడు.