అక్కకు తీరిక ఉందా?



నాతో పీహెచ్‌డీ చేస్తున్న నైజీరియా మిత్రుడి అక్క అక్కడ ఒక పల్లె బడిలో లెక్కలు చెబుతున్నారు. అంతర్యుద్ధం గాయాలు మాన్పడానికి ఆ దేశం 1973లో జాతీయ యువజన సేవాదళం పెట్టింది. 30 ఏళ్లలోపు పట్టభద్రులు సాధారణంగా సొంత రాష్ట్రం విడిచి ఏడాది పనిచేయాలి. చాలామందికి దక్కేది టీచరు పనే. వారంలో ఒకరోజు ఊరి పనికి. ఆ భత్యంలోంచే ఆమె తమ్ముడికి డబ్బు పంపుతారు. ఇతను థీసిస్ రాస్తూనే ఆదివారాలు బస్తీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాడు.

"నీకు తీరికెక్కడిది?" అన్నాను.

"అక్కకు ఉందా?" అన్నాడు.

1956లో ఆగ్రాలో బాబాసాహెబ్ బాధపడింది మనలాంటి చదువుకున్నవాళ్ల గురించే. ఫెలోషిప్ రాలేదన్న సాకుతో మా వాడలో సాయంత్రపు బడి ఆపేశాను. సోమవారం మళ్లీ తెరుస్తున్నాను. మీలో ఇద్దరు తోడొస్తే చాలు.

జై భీమ్.