ఎర్రకాలువ – పేరు వెనుక కథ



జీర్ణోద్ధరణము, పునఃప్రతిష్ఠ అనే ఈ శుభసందర్భమున మన ఊరి నీటిని గురించి నాలుగు మాటలు చెప్పే అవకాశము లభించినందుకు ధన్యుడను. ఏ పూజకైనా ముందు సంకల్పము చెప్పుకొంటాము. కృష్ణా గోదావరీ నదుల మధ్యదేశమున ఉన్నామని మన ఉనికిని తెలుపుకొంటాము. మహానదుల పేర్లు అందులో తప్పక వస్తాయి. మన పొలాల సరిహద్దునే ప్రవహించే ఎర్రకాలువ పేరు మాత్రము ఏ సంకల్పములోనూ వినరాదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఊరి పేరు. తూర్పు చాళుక్యుల కాలమున మన ఊరు నిరవద్యప్రోలు. నిరవద్య అనగా దోషము లేనిది. అది ఆ రాజుల బిరుదములలో ఒకటి. ప్రోలు అనగా పట్టణము. సమాసములో 'ప్రోలు' వాడుకలో 'వోలు' అయినది. గోదావరికి ఆవలి ఒడ్డున బిరుదాంకుని పేరిట వెలసిన ప్రోలు బిక్కవోలు అయిన తీరు కూడా ఇదియే. కాకతి రుద్రమదేవిని వివాహమాడిన చాళుక్య వీరభద్రుడు ఈ నిడదవోలు వంశమువాడే. ఇట్లు ఊరి పేరులో రాజుల చరిత్ర నిలిచియున్నది.

ఇక ఎర్రకాలువ పేరులో నిలిచినది నేల చరిత్ర. మెట్ట ప్రాంతమున జంగారెడ్డిగూడెము వైపునుండి ఇది దిగివచ్చును. ఆ మెట్టనేలలు ఎర్రనివి. వానకాలమున ఆ మట్టిని కోసుకొని వచ్చిన నీరు ఎర్రబారును. ఆ రంగే పేరైనది. పైనున్న వారి నేల ఎట్టిదో క్రిందనున్న వారికి ఈ నీరే చెప్పును.

మరి 'కాలువ' అని ఎందుకన్నారు? నేడు కాలువ అనగానే మనుష్యులు త్రవ్వినది అని తలుస్తాము. మెట్టలోని జల్లేరు, బైనేరు, కొల్లేటినుండి కడలికి పోవు ఉప్పుటేరు – వీటన్నిటి పేర్లలోనూ 'ఏరు' కలదు. ఎర్రకాలువ కూడా నిజమునకు ఏరే. దీనిని ఎవరూ త్రవ్వలేదు. ద్రావిడ భాషలలో 'కాల్' అనగా నీరు పారు త్రోవ. ఆ త్రోవ సహజమైనదైనా, త్రవ్వినదైనా ఆ మాట చెల్లును. కాటన్ దొరగారి ఆనకట్ట 1852లో పూర్తియై, పశ్చిమ డెల్టాలో పంటకాలువలు విస్తరించిన పిమ్మట 'కాలువ' అను మాటకు త్రవ్విన కాలువ అనే అర్థమే మన మనస్సులలో స్థిరపడినది.

ఈ రెండు రకముల కాలువలు ఎదురుపడు చోటు నందమూరు అక్విడక్టు. ఏలూరు కాలువ అక్కడ ఎర్రకాలువను దాటిపోవును. పైన గోదావరి నీరు, క్రింద మెట్ట నీరు. ఒకప్పుడు ఏలూరు కాలువ మీదుగా పడవలు గోదావరినుండి కృష్ణ వైపునకు సాగెడివి. అక్విడక్టు దాటిన పిమ్మట మన ఏటికి పేరే మారును. యనమదుర్రు డ్రెయిను అందురు. భీమవరము చెంత శక్తీశ్వరస్వామి శీర్షాసన రూపమున కొలువైన యనమదుర్రు పేరది. పుట్టినచోట ఎర్రకాలువ, సముద్రమును చేరువేళకు మురుగుకాలువ! నీరు ఒక్కటే, మన చూపు మారినది.

పేరుతో వచ్చిన చిక్కు ఇదియే. పంటకాలువకు లాకులు ఉన్నవి. మనము వదిలినంతే పారును. ఏటికి ఆకాశమే లాకు. కొంగువారిగూడెము వద్ద జలాశయము కట్టినప్పటికీ, దాని దిగువన కురిసిన వాన నేరుగా ఏటిలోనికే చేరును. 2024 జూలైలో భారీ వర్షములకు ఎర్రకాలువ పొంగి, నిడదవోలు, తాడేపల్లిగూడెము ప్రాంతములలో వరిపొలములు ముంపునకు గురియైనవి. అప్పుడే నాటిన నారు నీటిపాలైన రైతుకు ఇది కాలువ కాదు, ఏరు అని ఎవరూ వేరుగా చెప్పనక్కరలేదు. గట్లు బలహీనపడినా, గుర్రపుడెక్క అల్లుకొన్నా, పూడిక పేరుకొన్నా నీటికి దారి తగ్గును. దారి తగ్గిన నీరు చేలలోనికి మళ్లును. ఇందులో దైవమును నిందించి ప్రయోజనము లేదు.

జీర్ణమైన ఆలయమును ఉద్ధరించుట పుణ్యకార్యమని మన పెద్దలు చెప్పినారు. చెరువు త్రవ్వించుటను సప్తసంతానములలో ఒకటిగా ఎంచినవారు కూడా వారే. గుడికి జీర్ణోద్ధరణ జరిపిన చేతులతోనే ఏటికి కూడా ఆ పని జరుపవలెను. పూజా నిర్మాల్యమును, ప్లాస్టిక్ సంచులను అందులో పడవేయకుండుట తొలి మెట్టు. ఏటా వానలకు ముందే పూడిక తీయించవలెనని, గట్లు పటిష్ఠము చేయవలెనని అధికారులను ఊరంతా ఒక్కమాటగా కోరుట రెండవ మెట్టు.

చివరగా ఒక చిన్న మనవి. రేపు మీ ఇంట పూజకు కూర్చున్నప్పుడు, సంకల్పమున కృష్ణా గోదావరులను తలచిన పిమ్మట, మనస్సులోనైనా ఎర్రకాలువను ఒక్కసారి తలచుకొనుడు. పేరు తలచినవారు దానిలో చెత్త వేయజాలరు.

స్వస్తి.