కొడితే తప్పు, కొట్టకుంటే తప్పు

(కర్నూలు, కడప జిల్లాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తప్పెట గురించి మాట్లాడమంటే వీళ్లేంది అమెరికా కత ఎత్తుకున్నారని అనుకోవద్దు. అది కూడా మనలాంటోళ్ల కతే.

1739లో సౌత్ కరోలినాలో నల్ల బానిసలు డప్పులు కొట్టుకుంటూ తిరగబడినారు. మరుసటేడే దొరలు చట్టం చేసినారు, బానిస డప్పు ముట్టకూడదని. మన ఊర్లలో ఏం జరిగింది? పెద్దకులాల ఇంట్లో పీనుగ లేచినా, దేవర చేసినా మాదిగోడు తప్పెట కొట్టాల్సిందే. రానంటే దండుగ, వెలి. అక్కడ కొడితే తప్పు, ఇక్కడ కొట్టకుంటే తప్పు. మన చేతులు ఎప్పుడు ఆడాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే పెత్తనం మాత్రం ఒకటే.

డప్పు లాక్కుంటే వాళ్లు ఊరుకోలేదు. చప్పట్లే తాళం, కాళ్లే దరువు. చేలో కూలిపాట, చర్చిలో భజన. అందులోంచే బ్లూస్ పుట్టింది. మన ఆదోని, కోసిగి తట్టు జనం గుంటూరుకు సుగ్గికి పోయినట్టు, వాళ్లూ మిసిసిపీ పత్తిచేలు విడిచి మెంఫిస్, చికాగో పట్నాలకు పోయినారు. పట్నం గోలలో పాట వినపడాలని గిటారుకు కరెంటు తగిలించినారు. రోసెట్టా థార్ప్ అనే నల్ల అక్క 1940లలోనే దేవుని పాటను ఆ గిటారు మీద ఉర్రూతలూగించింది. తెల్ల పల్లెజనం పాటా వచ్చి కలిసింది. 1950లలో దానికి రాక్ అండ్ రోల్ అని పేరు స్థిరపడింది.

అంతకుముందు, 1949 దాకా, నల్లవాళ్ల పాటలను 'రేస్ రికార్డులు' అని వేరే పట్టీలో పెట్టేవాళ్లు. పాటకు కూడా రెండు గ్లాసుల పద్ధతి! ఆట జరిగే చోట తెల్లవాళ్లకు, నల్లవాళ్లకు నడుమ తాడు కట్టేవాళ్లు. దరువు మొదలైతే పిల్లోళ్లు ఆ తాడు దాటినారు. పెత్తందార్లకు దడ పుట్టింది. 1956లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో నాట్ కింగ్ కోల్ అనే నల్ల గాయకుడిని పాడుతుండగానే వేదికెక్కి కొట్టినారు. అదే రాష్ట్రంలో మాంట్‌గొమరీ నల్లవాళ్లు 381 దినాలు బస్సెక్కకుండా నడిచి, వేరు సీట్ల పద్ధతిని రద్దు చేయించినారు. పాట తాడు దాటించింది. పోరాటం తాడు తెంపింది. రెండూ కావాల.

ఇంకో మాట. ఆర్థర్ క్రుడప్ అనే నల్ల కూలీ 1946లో ఒక పాట పాడినాడు. 1954లో అదే పాటతో ఎల్విస్ ప్రెస్లీ మొదటి రికార్డు వచ్చింది. ఎల్విస్ లోకమంతా తెలిసినాడు. క్రుడప్ తనకు రావలసిన పైకం అందకుండానే, పొలం పనులు చేసుకుంటూ 1974లో చనిపోయినాడు.

మన తప్పెటా ఇప్పుడు సినిమాకెక్కింది. కొట్టేవాడు మాత్రం ఊరిబయటే ఉన్నాడు. అది బానిసతనం గుర్తు, పారేద్దామని మన పిల్లోళ్లు కొందరంటారు. వాళ్ల కోపం న్యాయమే. మేమూ ఒకప్పుడు అట్లే అన్నాం. అయితే 1994లో ఈదుమూడిలో దండోరా పుట్టినప్పుడు ఆ డప్పే జనాన్ని లేపింది. పారేయాల్సింది తప్పెటను కాదు, వెట్టిని.

కాబట్టి నాలుగు మాటలు అనుకుందాం. బలవంతంగా పిలిస్తే ఒక్కరూ పోవద్దు. 1989 అట్రాసిటీ చట్టం కింద వెట్టి నేరం. ఇష్టపడి పోతే కూలి ముందే మాట్లాడుకోవాల. రికార్డు చేసుకుంటామని వస్తే పేరూ, పైకమూ కాగితం మీద రాయించుకోవాల. ఆడబిడ్డలకూ దరువు నేర్పాల.

ఈ రాత్రికి మంటేసి తప్పెట్లు కాచుకుందాం. ఎవరూ పిలవకుండానే, మన కోసం మనమే కొట్టుకుందాం.

జై భీం!