ఒక్క రక్తపరీక్ష చేయించుకుందాం
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం ప్రసంగం)



మన సంఘంలో ఒక చెల్లెలికి పెళ్లయి నాలుగేళ్లయినా కడుపు పండలేదు. నెలసరి రెండు మూడు నెలలకోసారి వచ్చేది. రొమ్ముల్లోంచి పాలు కారేవి. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. మొక్కులకీ నాటుమందులకీ సంఘంలో అప్పు తీసుకుంది. గొడ్రాలన్న మాట పడింది. అప్పు ఎందుకని మేమూ అడగలేదు. అది మా తప్పే.

చివరికి రక్తపరీక్షలో ప్రొలాక్టిన్ ఎక్కువుందని తేలింది. ఇది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఇచ్చే హార్మోను. బాలింతకి పాలు పడేది దీనివల్లే. గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు పెరగడం సహజం. మిగతా రోజుల్లో బాగా పెరిగితే అండం విడుదల ఆగిపోతుంది. థైరాయిడ్ తగ్గినా, ఆ గ్రంథిలో చిన్న గడ్డ ఉన్నా, వాంతులకీ మానసిక జబ్బులకీ వాడే కొన్ని మందులవల్లా పెరుగుతుంది. ఆ గడ్డ సాధారణంగా క్యాన్సర్ కాదు. చాలామందికి మాత్రలతోనే తగ్గి, నెలసరి దారిలో పడుతుంది, గర్భం కూడా నిలుస్తుంది.

డాక్టరుని అడక్కుండా ఏ మందూ ఆపొద్దు. తలనొప్పితో చూపు మసకబారితే ఆలస్యం చేయొద్దు. భర్తకీ పరీక్ష చేయించాలి.

వచ్చే సమావేశం నుంచి పొదుపు లెక్కతోపాటు ఒంటి బాగోగులూ అడుగుదాం. ఆ చెల్లెలికిప్పుడు నెలసరి సరిగా వస్తోంది.