పనుల పట్టీకి దుబాసీ



నరసాపురము సీమకు పరభాష క్రొత్త కాదు. 17వ శతాబ్దమున పాలకొల్లులో వలందావారును, నరసాపురమునకు చేరువనున్న మాధవాయపాలెమున ఇంగ్లీషువారును వర్తకశాలలు నెలకొల్పిరి. మాధవాయపాలెము విదేశీయుల నోట మదపొల్లమై, తుదకొక నూలుబట్టకే పేరైనది. నేతగానికి ఓడవర్తకుని భాష రాదు. ఓడవర్తకునకు తెలుగు రాదు. ఇరువురి నడుమ నిలిచినవాడు ద్విభాషి. జనులాతనిని దుబాసీ యనిరి. బట్ట పొడవు, ధర, గడువు అన్నియు అతని నాలుక మీదుగ సాగవలసినవే. ఆ నాలుక తడబడినచో నష్టము మొట్టమొదట తగులునది మగ్గమునకే.

నేడు ఆ పీటమీద యంత్రము కూర్చుండుటకు వచ్చినది. దానిని కూర్చుండబెట్టవచ్చునా, ఏ నియమముతో కూర్చుండబెట్టవలెను అనునదే ఈ ప్రసంగ విషయము. దీనికి నరసాపురపు లేసును మించిన ఉదాహరణము వెదకనక్కరలేదు.

లేసు అల్లిక 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల ద్వారా ఈ ప్రాంతమునకు వచ్చినది. సన్నని నూలు, కొక్కెపు సూది, దీపము, రెండు చేతులు: ఇంతమాత్రపు సాధనములతో గోదావరి తీరపు ఇండ్ల అరుగుల మీద అల్లిన లేసు సముద్రములు దాటి పోయినది. 1982లో మేరియా మీస్ అను జర్మను సాంఘిక శాస్త్రవేత్త ఈ స్త్రీలను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. లోకపు సంతకు సరకు చేయుచున్న వారిని గృహిణులుగనే లెక్కించి, వారి శ్రమను తీరికవేళల పనిగ తలచుచున్నారని ఆమె ఎత్తిచూపెను. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఊరి పేరు పట్టాకెక్కినది. అల్లిన చేతి పేరు పద్దుకెక్కుట మాత్రము ఇంకను అరుదు.

ఇక యంత్రపు ఏర్పాటు ఎట్టిదో చూతము. ఇందు మూడు భాగములు కలవు. మొదటిది పనుల పట్టీ. ఏ పని, ఎవరు, ఎప్పటికి అని సెల్‌ఫోనులో వ్రాసికొను యాప్ ఇది. 2007లో పుట్టిన టుడూయిస్ట్ అట్టివాటిలో ఒకటి. రెండవది అనువాద యంత్రము. గూగుల్ అనువాదములో 2011లో తెలుగు చేరినది. ముక్కలు ముక్కలుగ గాక వాక్యమునంతయు ఒక్కసారిగ చూచి అనువదించు పద్ధతి 2017లో తెలుగునకు వచ్చినది. భారత ప్రభుత్వము 2022లో భాషిణి అను భాషా సేవను ప్రారంభించినది. మూడవది ఈ రెంటిని కలుపు కాలువ. 2011లో మొదలైన జాపియర్ వంటి సేవలు ఆ పని చేయును. వీనికి కోడు వ్రాయ నేర్వనక్కరలేదు. “ఈ పట్టీలో క్రొత్త పని చేరినచో, దానిని అనువాద యంత్రమునకు పంపుము, వచ్చిన తెలుగును ఆ పట్టీలో ఉంచుము” అని తెరమీద ఎన్నుకొనిన చాలును. తూము ఒకసారి తీసిన పిమ్మట నీరు తనంతట తానే పారినట్లు, పని ఒక భాషనుండి మరియొక భాషకు పారును.

వినుటకు సొంపుగ నున్నది. ఇపుడొక ఉదాహరణము. అమెరికానుండి ఒక వర్తకుడు బల్లగుడ్డలు కోరి, అంచు “డబుల్ క్రోషే” కుట్టుతో నుండవలెననియు, 3/7 నాటికి కావలెననియు వ్రాసెననుకొందము. ఈ చిన్న వాక్యములో రెండు గోతులున్నవి. అమెరికావారు డబుల్ క్రోషే యనునది బ్రిటనువారి ట్రెబుల్ క్రోషే. బ్రిటనువారు డబుల్ అనునది అమెరికావారి సింగిల్. ఒకే ఇంగ్లీషు మాటకు రెండు కుట్లు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. యంత్రము వ్రాసినవాని దేశము నడుగక రెంటికిని ఒకే తెలుగు మాట వేయును. ఇక 3/7 అనగా అమెరికాలో మార్చి 7, ఇక్కడ జూలై 3. వాక్యము చక్కని తెలుగులోనే వచ్చును. తప్పు ఆ చక్కదనము చాటున దాగియుండును. పనివారి చేతికి అది ఆజ్ఞగ చేరును. దినముల తరబడి కన్నులు కాయలు కాచునట్లు అల్లిన గుడ్డ తిరస్కరింపబడినపుడు యంత్రమునకు కూలి తెగదు.

కనుక ఈ కాలువకు లాకులు కావలెను. మొదటిది: కొలతలు, అంకెలు, తేదీలు అనువాదమునకు పంపరాదు. వానిని వేరొక గడిలో ఉన్నవి ఉన్నట్లుగ ఉంచి, నెల పేరు అక్షరములలో వ్రాయవలెను. అంగుళమో సెంటీమీటరో స్పష్టముగ తెలుపవలెను. ఒక అంగుళము 2.54 సెంటీమీటర్లు. రెండవది: తెలుగు చేసిన పనిని వచ్చిన పట్టీలోనే చేర్చరాదు. చేర్చినచో యంత్రము దానిని క్రొత్త పనిగ తలచి మరల అనువదించును. దానిని మరల, మరల. అద్దమున కెదురుగ అద్దము నిలిపినట్లగును. ఇట్టి సేవలు చేసిన ప్రతి పనిని లెక్కకట్టును గనుక, ఉచితముగ నిచ్చిన పరిమితి ఒక్క రాత్రిలో హరించిపోవచ్చును. వేరు పట్టీయో, “అనువదింపవలసినవి” అను గుర్తో పెట్టినచో ఈ చిక్కు తీరును. మూడవది: పంపిన మాట పరుల కంప్యూటరు మీదుగ పోవునని మరువరాదు. బయటపెట్టరాని ధరయు, నమూనాయు ఆ దారిన పంపరాదు.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యము. అనువాదము నేరుగ పనివారికి చేరరాదు. అది ముందు “చూడవలసినవి” అను గడిలో ఆగవలెను. సూది పట్టుట యెరిగిన ఒక స్త్రీ చదివి, సరియన్న పిమ్మటనే ముందుకు కదలవలెను. యంత్రము వ్రాయునది చిత్తు. చేవ్రాలు మనుష్యునిది కావలెను. ఆ చదివిన వేళకు కూలి ముట్టవలెను. లేనిచో తీరికవేళల పని యను పాత అన్యాయము క్రొత్త యంత్రములో దూరినట్లే.

మరియొక మాట. నీరు పల్లమునకే పారును గాని మాట రెండు వైపుల పారగలదు. ఆజ్ఞ తెలుగై దిగివచ్చుటకే ఈ ఏర్పాటైనచో అది సగము దుబాసీ. “ఈ నూలు ఈ అంచునకు ఆగదు”, “ఈ గడువు చాలదు”, “ఈ ధరకు ఇంత సన్నపు పని గిట్టదు” అని అల్లువారు తెలుగున చెప్పిన మాట ఇంగ్లీషై వర్తకుని పట్టీలోనికి పోవు త్రోవయు ఆనాడే వేయవలెను. శ్రమ అధికము కాదు. అదే కాలువకు ఎదురు దిక్కున రెండవ తూము. ప్రతి పని చెంతను అల్లినవారి పేరు, ఇచ్చిన దినము, ఒప్పిన కూలి వారికి తెలిసిన లిపిలోనే నిలిచినచో, వివాదము వచ్చిననాడు పట్టీయే సాక్ష్యము పలుకును.

అనువాదము ఒంటిచేతి పని కాదని గోదావరి తీరము వేయేండ్ల క్రిందటనే యెరుగును. 11వ శతాబ్దమున రాజమహేంద్రవరమున నన్నయభట్టు భారతమును తెలుగు చేయుచుండగ నారాయణభట్టు తోడుండెను. భారతయుద్ధమున అర్జునునకు కృష్ణుడు తోడ్పడినట్లు అతడు తోడ్పడెనని నన్నయయే చెప్పుకొనెను. ఆ నారాయణభట్టు సంస్కృత, కర్ణాట, ప్రాకృత, పైశాచిక, ఆంధ్ర భాషలలో కవియని నందంపూడి శాసనము కీర్తించుచున్నది. అంతటి నన్నయకే తోడు కావలసివచ్చినపుడు యంత్రమునకు తోడక్కరలేదనుట సాహసము.

సభాసదులారా! ఆ తోడు ఈ గ్రంథాలయము కాగలదు. లేసు కుట్టుల పేర్లు నిఘంటువులలో వెదకిన దొరకవు. అవి అరుగుల మీద ఉన్నవి. చేతిపని యెట్టిది, అతుకుపని యెట్టిది, ఏ కుట్టును ఏ ఊర ఏమందురు, దానికి అమెరికా పేరేది, బ్రిటను పేరేది అని ఒక పుస్తకమున వ్రాసి, ప్రతి మాటకెదుట ఆ కుట్టు తునకనే దారముతో కుట్టి ఉంచవచ్చును. ముందుగ ఇచ్చిన పదపట్టికను అనుసరించి నడచు అనువాద యంత్రములు నేడున్నవి. తల్లులు చెప్పిన మాటలే దానికి పాఠమగును.

రజతోత్సవమునకు గుర్తుగ ఆ పుస్తకము మొదటి పుట నేడే తెరచి, పఠన మందిరపు బల్లమీద ఉంచుట మేలు. ప్రక్కనొక సూది, ఒక నూలు ఉండ ఉంచిన చాలును. మొదటి మాట వ్రాయవలసినది సూది పట్టిన చేయి.

స్వస్తి.