సంఘ కార్యాలయానికి ప్రింటరు: కొనేముందు చూడవలసిన సంగతులు

(రాజమహేంద్రవరంలో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మేత గురించి, పశువుల ఆరోగ్యం గురించి పెద్దలు ఇప్పటికే మాట్లాడారు. మాకు అప్పగించిన విషయం వాటి ముందు చిన్నదిగా కనిపించవచ్చు. అచ్చు వేయడం, జిరాక్సు తీయడం, కాగితాన్ని స్కాన్ చేసి కంప్యూటరులోకి ఎక్కించడం - ఈ మూడు పనులూ చేసే మల్టీఫంక్షన్ ప్రింటరును సంఘం ఎలా ఎంచుకోవాలన్నదే ఆ విషయం. కాని ఆ యంత్రం నుంచి వెలువడే కాగితం మీదనే సభ్యుని పాల డబ్బు లెక్క ఉంటుంది. అందుచేత కొంచెం వివరంగా మనవి చేస్తాము.

1946లో గుజరాత్‌లోని ఆనంద్‌లో మొదలైన సహకార పద్ధతికి ప్రాణం వంటిది ఒకటున్నది. సభ్యుడు పోసిన పాలను అతని కళ్లెదుటే కొలిచి, నాణ్యతను బట్టి ధర కట్టి, ఆ లెక్కను అతని చేతికి ఇవ్వడం. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ ఈ పద్ధతినే దేశమంతటా తీసుకుపోయింది. రోజుకు రెండు లీటర్లు పోసే ఇల్లాలికి సంఘం మీద నమ్మకం కలిగేది చేతిలోని చీటీ వల్లనే. వెన్న శాతం దగ్గర అంకె చెరిగిపోతే ఆమె ఏమి చూపి అడగగలదు? కాబట్టి ఏ యంత్రాన్ని చూసినా మనం మొదట వేయవలసిన ప్రశ్న ఇది: దీని అక్షరం సభ్యునికి అవసరం తీరేదాకా నిలుస్తుందా?

ముందు అవసరం రాసుకోవాలి

దుకాణానికి వెళ్లకముందే సంఘంలో ఒక నెల కాగితాల లెక్క తీయండి. పాల బిల్లులు ఎన్ని, నోటీసులు, ఉత్తరాలు ఎన్ని, ఆధారు కార్డు, బ్యాంకు పుస్తకం జిరాక్సులు ఎన్ని, ఆడిట్ సమయంలో ఎన్ని పుటలు కావాలి - అన్నీ రాసుకోండి. రంగుల అచ్చు నిజంగా అవసరమా అన్నది కూడా అప్పుడే తేలుతుంది. బిల్లుకు, రిజిస్టరుకు నలుపు చాలు.

పూటపూటకూ ఇచ్చే చిన్న చీటీ సంగతి వేరు. చాలాచోట్ల పాలు పోసిన వెంటనే వచ్చే చీటీ థర్మల్ కాగితం మీద ఉంటుంది. ఆ కాగితానికి పూసిన మందు వేడి తగిలితే నల్లబడి అక్షరమవుతుంది. సిరా అక్కరలేదు, ఖర్చు తక్కువ. కాని ఎండ, వేడి, నూనె చేయి తగిలితే ఆ అక్షరం వెలిసిపోతుంది. భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితమంతా నల్లబడుతుంది. అందుచేత పూటచీటీ థర్మల్ కాగితం మీద ఇచ్చినా, పక్షం బిల్లు మాత్రం మామూలు కాగితం మీద నిలిచే సిరాతో ఇవ్వాలని మా సలహా. దాచుకోవలసిన థర్మల్ చీటీ ఏదైనా ఉంటే వెంటనే జిరాక్సు తీసి ఆ ప్రతిని దాచాలి.

ధర వేరు, ఖర్చు వేరు

సంతలో గేదెను కొనేటప్పుడు ధర ఒక్కటే చూడము. రెండు పూటలా పాలు పిండించి చూస్తాము. మేత ఎంత తింటుందో అడుగుతాము. ప్రింటరుకు మేత దాని సిరా. యంత్రాన్ని చవకగా అమ్మి, సిరా మీద లాభం తీసుకోవడం ఈ వ్యాపారంలో చాలాకాలంగా ఉన్న పద్ధతి.

ఒక లెక్క వేసి చూద్దాము. ఇవి బజారు ధరలు కావు, లెక్క కట్టే తీరు తెలియడానికి అనుకున్న అంకెలు మాత్రమే. 120 మంది సభ్యులున్న సంఘం. నెలకు మనిషికి రెండు బిల్లులు, అంటే 240 పుటలు. ఇతర పనులకు 60. మొత్తం నెలకు 300, ఏడాదికి 3,600, ఐదేళ్లకు 18,000 పుటలు.

మొదటి యంత్రం ధర 12,000 రూపాయలు. దాని కార్ట్రిడ్జి 900 రూపాయలు, 450 పుటలు వస్తుంది. పుటకు 2 రూపాయలు. ఐదేళ్లకు సిరా ఖర్చు 36,000. యంత్రంతో కలిపి 48,000.

రెండవ యంత్రం ధర 18,000 రూపాయలు. సిరా సీసా 600 రూపాయలు, 6,000 పుటలు వస్తుంది. పుటకు 10 పైసలు. ఐదేళ్లకు సిరా ఖర్చు 1,800. యంత్రంతో కలిపి 19,800.

మొదట ఆరు వేలు మిగిలిందనుకున్న సంఘం ఐదేళ్లలో 28,200 రూపాయలు ఎక్కువ పెట్టింది. ఆ సొమ్ము సభ్యులది. కాబట్టి కొటేషను తీసుకునేటప్పుడు యంత్రం ధర పక్కనే సిరా ధరను, ఎన్ని పుటలు వస్తుందన్న అంకెను కూడా రాయించుకోవాలి.

పెట్టె మీద వేసే పుటల అంకెను కూడా పరిశీలించాలి. నలుపు టోనరుకు ఈ లెక్క కట్టడానికి ఐ.ఎస్.ఓ. 19752 అనే ప్రమాణం ఉంది. దానికి వాడే పరీక్ష పుటలో సిరా పడే భాగం సుమారు 5 శాతమే. మన పాల బిల్లులో గళ్లు, గీతలు, సంఘం పేరు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. కనుక మనకు అన్ని పుటలు రావు. పైగా కొత్త యంత్రంతో వచ్చే టోనరు చాలా రకాల్లో పూర్తిగా నిండి ఉండదు. ఈ సంగతి అమ్మేవారిని అడిగి తెలుసుకోవాలి. బిల్లును సగం కాగితంలో పట్టేట్టు కుదించి, గీతలు తగ్గిస్తే సిరా, కాగితం రెండూ కలిసివస్తాయి.

తడి వేలి పరీక్ష

పాల కేంద్రంలో పొడి చేయి అరుదు. క్యాను కడిగిన చేతితోనే బిల్లు అందుకుంటారు. అందుచేత సిరా రకం తెలుసుకోవడం ముఖ్యం.

లేజరు ప్రింటరులో టోనరు అనేది మెత్తని ప్లాస్టిక్ పొడి. దానిని సుమారు 200 డిగ్రీల వేడితో కాగితానికి కరిగించి అంటిస్తారు. నీరు తగిలినా అక్షరం కరగదు. 1938 అక్టోబరు 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ కనిపెట్టిన పొడి అచ్చు పద్ధతే దీనికి మూలం. దానితో 1959లో వచ్చిన జిరాక్స్ 914 యంత్రం వల్ల నకలుకు మన ఊళ్లలోనూ 'జిరాక్సు' అన్న పేరే స్థిరపడింది.

ట్యాంకు ప్రింటర్లు ద్రవ సిరాతో పనిచేస్తాయి. ఇందులో రెండు రకాలున్నాయి. డై సిరా నీటిలో కరిగే రంగు, తడి తగిలితే అలుక్కుపోతుంది. పిగ్మెంటు సిరాలో సన్నని రంగు రేణువులుంటాయి, అది తడికి బాగా నిలుస్తుంది. ఒకే కంపెనీ యంత్రాల్లో కొన్నింటికి నలుపు డై, కొన్నింటికి పిగ్మెంటు. పేరు చూసి నమ్మకుండా మీ పాల బిల్లునే దుకాణంలో అచ్చు వేయించి, ఐదు నిమిషాలు ఆరనిచ్చి, తడి వేలితో రుద్ది చూడండి. అదే కాగితం మీద చిన్న తెలుగు అక్షరాల ఒత్తులు, గుణింతాలు స్పష్టంగా ఉన్నాయా అని కూడా చూడాలి.

కరెంటు, తేమ

లేజరు యంత్రం కాగితాన్ని వేడిచేసే క్షణంలో కరెంటును ఎక్కువగా లాగుతుంది. కంప్యూటరుకు పెట్టిన చిన్న యు.పి.ఎస్. ఆ బరువు మోయలేదు. దానికి లేజరును తగిలించరాదు. ట్యాంకు యంత్రం కొద్ది వాట్లతో నడుస్తుంది కనుక ఇన్వర్టరు మీద కూడా పని సాగుతుంది. అయితే దానిని వారాల తరబడి వాడకపోతే సిరా గొట్టాల మూతుల దగ్గర ఎండి అక్షరాల్లో తెల్లని చారలు పడతాయి. వారానికి ఒకటి రెండు పుటలైనా వేస్తుండాలి. లేజరుకు ఈ చిక్కు లేదు. కాబట్టి రోజూ అచ్చు పని ఉండి కరెంటు సరిగా లేని సంఘానికి పిగ్మెంటు నలుపు సిరా ఉన్న ట్యాంకు యంత్రం, పక్షానికొకసారే పని ఉండి కరెంటు నిలకడగా ఉన్న సంఘానికి నలుపు లేజరు అనుకూలం.

డెల్టా గాలిలో తేమ ఎక్కువ. శ్రావణ, భాద్రపదాల్లో విప్పి ఉంచిన కాగితం మెత్తబడి, ఒకదానికొకటి అంటుకుని యంత్రంలో ఇరుక్కుంటుంది. కాపియర్ కాగితం మన రాజమహేంద్రవరం మిల్లులోనే తయారవుతున్నది, దొరకడానికి కరువు లేదు. కనుక ఒకేసారి నిల్వ చేయక, కట్టను విప్పిన తరువాత మిగిలింది సంచిలో చుట్టి బీరువాలో పెట్టాలి. యంత్రాన్ని క్యాన్లు కడిగే చోట, పాల పరీక్షకు యాసిడ్ వాడే బల్ల దగ్గర ఉంచరాదు. పని కాగానే గుడ్డ కప్పాలి. లోపలికి చీమలు, బల్లులు చేరకుండా చూడాలి.

స్కానరు అద్దం కొలత కూడా గమనించాలి. చాలా చిన్న యంత్రాలకు అది ఎ4 కొలతే. మన పొడుగు రిజిస్టర్లు అందులో పట్టవు. మీ రిజిస్టరును వెంట తీసుకువెళ్లి పెట్టి చూడండి. కట్టగా పెడితే ఒక్కొక్క కాగితాన్ని తానే లాక్కునే ఏర్పాటు ఉన్న యంత్రం ఆడిట్ కాలంలో ఎంతో శ్రమ తగ్గిస్తుంది. నలిగిన చీటీలను మాత్రం అందులో పెట్టరాదు.

తీర్మానం, మరమ్మతు

మరమ్మతు చేసేవారు రాజమహేంద్రవరంలోనో, కాకినాడలోనో, భీమవరంలోనో ఉన్నారా, ఊరికి వస్తారా, మనమే మోసుకుపోవాలా అన్నది ముందే అడగాలి. వారంటీ ఏళ్ల మీదనే ఉందా, పుటల సంఖ్యతో కూడా పరిమితి ఉందా అన్నది కాగితం మీద చదవాలి. పాలకవర్గంలో తీర్మానం చేసి, కొటేషన్లు పోల్చి, అచ్చు వేయించి చూసిన నమూనాలను ఆ ఫైలులోనే ఉంచాలి. కొన్న యంత్రాన్ని డెడ్ స్టాక్ రిజిస్టరులో, సిరా సీసాలను స్టాకు రిజిస్టరులో ఎక్కించాలి. సిరా మార్చిన ప్రతిసారి తేదీ, పుటల అంకె రాస్తుంటే రెండవ ఏట పుటకు ఎంత పడుతున్నదో సర్వసభ్య సమావేశంలో చెప్పవచ్చు.

స్కాన్ చేసిన రిజిస్టర్ల ప్రతిని కార్యాలయంలోనే ఉంచక, మరొక చోట కూడా భద్రపరచాలి. 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు తుఫానును చూసిన ప్రాంతం మనది. నీరు గదిలోకి వచ్చిన రోజున ఏ సభ్యుని బాకీ ఎంతో చెప్పగలిగేది ఆ రెండవ ప్రతే.

సోదర సోదరీమణులారా, ఏ కంపెనీ యంత్రం కొనమని మేము చెప్పడం లేదు. మీ బిల్లు, మీ రిజిస్టరు, తడి వేలు, ఐదేళ్ల లెక్క - ఈ నాలుగూ తీసుకుని దుకాణానికి వెళ్లండి. పరీక్షకు ఒప్పుకోని దుకాణాన్ని వదలి మరొక దుకాణానికి పొండి. పాలు పరీక్షించకుండా క్యానులో పోయని మనం, యంత్రాన్ని పరీక్షించకుండా సంఘానికి తేవడం తగదు.