అండాశయ కాన్సర్ – పాడి కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఇన్‌స్పెక్టరు వచ్చాడంటే ఆడిట్ అభ్యంతరాల గురించో, బోనస్ పంపకం గురించో మాట్లాడతాడని మీరు అనుకొని ఉంటారు. ఈ రోజు మన ఆడవారి ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు కోరారు. నేను వైద్యుణ్ణి కాను, సహకార డిప్లొమా చదివినవాణ్ణి. మా పెద్దక్కయ్యకు ఈ జబ్బు వచ్చినప్పుడు ఆస్పత్రుల చుట్టూ తిరిగి, డాక్టర్లను అడిగి తెలుసుకున్న సంగతులే మీ ముందుంచుతున్నాను.

అండాశయం అంటే ఏమిటి?

గర్భసంచికి ఇరుపక్కలా బాదంకాయంత పరిమాణంలో రెండు అండాశయాలు ఉంటాయి. నెలనెలా అండం విడుదలయ్యేది వీటి నుంచే. ఇక్కడి కణాలు అదుపు తప్పి పెరిగితే దానిని అండాశయ కాన్సర్ అంటారు. ఎక్కువగా కనిపించే రకం చాలామందిలో అండవాహిక చివర మొదలై అండాశయానికి పాకుతుందని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. ఇది ఎక్కువగా 50 ఏళ్లు దాటినవారికి వస్తుంది. ఆడపిల్లలకు, చిన్నవయసు స్త్రీలకు వచ్చే రకం వేరు. దానిని చాలామందిలో గర్భసంచినీ, రెండో అండాశయాన్నీ నిలిపి ఉంచే నయం చేయగలుగుతున్నారు.

స్కానింగ్‌లో అండాశయంపై నీటితిత్తి ఉందని రాగానే బెంబేలు పడవద్దు. చిన్న వయసువారిలో అటువంటివి చాలా వరకు కాన్సర్ కావు.

"గర్భసంచి తీయించుకున్నాం, మాకేం భయం?" అనేవారు మనలో చాలామంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ఆపరేషన్ అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువగా కనిపించింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. గర్భసంచి తీసినా అండాశయాలను ఉంచేసి ఉంటే ఈ జబ్బు రావచ్చు. మీకు ఏమేమి తీశారో ఆపరేషన్ కాగితంలో రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని భద్రపరచుకోండి.

వ్యాధి లక్షణాలు

ఈ జబ్బు మొదట్లో పెద్దగా బాధపెట్టదు. కడుపు ఉబ్బరం, పొత్తికడుపులో నొప్పి, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లుండటం, మాటిమాటికి మూత్రానికి వెళ్లవలసి రావడం – ఇవీ లక్షణాలు. అజీర్తికీ ఇవే ఉంటాయి గనుక ఎవరూ పట్టించుకోరు. కొత్తగా మొదలై, రెండు మూడు వారాలు వదలకుండా ఉంటే డాక్టరుకు చూపించి, పొట్ట అల్ట్రాసౌండ్ స్కానింగ్ గురించి అడగాలి. ముట్లుడిగిన తరువాత రక్తం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు.

గేదె ఒక పూట మేత ముట్టకపోతే పశువుల డాక్టరుకు కబురు పెడతాం. ఇంటి ఇల్లాలు నెల రోజులుగా సగం అన్నం వదిలేస్తుంటే "పాల బిల్లు వచ్చాక చూద్దాం" అంటాం. మా అక్కయ్యకు అప్పటికి 58 ఏళ్లు. పొట్ట బిగిసిందని లంగా బొందు వదులు చేసుకునేది. ఐదు నెలలు గ్యాస్ మాత్రలతోనే గడిచిపోయాయి. స్కానింగ్ తీసేసరికి పొట్టలో నీరు చేరింది. అప్పటికే మూడో దశ.

పరీక్షలు

స్కానింగ్‌లో అనుమానం వస్తే సి.ఎ.125 అనే రక్తపరీక్ష, సి.టి. స్కాన్ చేయిస్తారు. ఆ రక్తపరీక్ష అంకె ఒక్కటే చూసి కాన్సర్ అని తేల్చరాదు. లాక్టోమీటరు రీడింగు ఒక్కటే చూసి పాలలో నీళ్లు కలిపారని మనం తీర్పు చెప్పం గదా, వెన్న శాతం కూడా చూస్తాం. కడుపులో క్షయ ఉన్నా ఆ అంకె పెరుగుతుంది, పొట్టలో నీరూ చేరుతుంది. అందుచేత నీటిని గాని, ముక్కను గాని తీసి పరీక్షించి నిర్ధారణ చేసుకోవాలి.

ఆరోగ్యంగా ఉన్నవారికి కూడా ఏటా ఈ పరీక్షలు చేయిస్తే మంచిది కదా అని మీరు అడగవచ్చు. బ్రిటన్‌లో 2 లక్షలకు పైగా స్త్రీలపై జరిపిన పరిశీలన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. ఆ విధంగా చేసినందువల్ల మరణాలు తగ్గలేదని తేలింది. గర్భాశయ ముఖద్వారానికి చేసే పాప్ స్మియర్ పరీక్ష కూడా ఈ జబ్బును పట్టదు. కాబట్టి లక్షణాలను గమనించుకోవడమే మన చేతిలో ఉన్న పని.

చికిత్స

చికిత్సలో ఆపరేషన్, మందులు రెండూ ముఖ్యం. ఆపరేషన్‌లో సాధారణంగా గర్భసంచి, రెండు అండాశయాలు, అండవాహికలు, పొట్టలోని కొవ్వుపొరతో పాటు కంటికి కనిపించే గడ్డలన్నింటినీ తీసివేస్తారు. ఎంత శుభ్రంగా తీస్తే అంత మేలు. అందుకే స్త్రీల కాన్సర్ ఆపరేషన్లలో అనుభవమున్న సర్జన్ దగ్గరకే వెళ్లాలి.

మందులలో ముఖ్యమైనవి కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్. మూడు వారాలకోసారి చొప్పున సాధారణంగా 6 సార్లు సెలైన్ ద్వారా ఎక్కిస్తారు. జబ్బు బాగా వ్యాపించి ఉంటే ముందు 3 సార్లు మందు ఇచ్చి, గడ్డలు తగ్గాక ఆపరేషన్ చేసి, మిగిలిన 3 ఇస్తారు. మా అక్కయ్యకు చేసింది ఇదే. జుట్టు ఊడిపోతుంది గాని మళ్లీ వస్తుంది. అరిచేతులు, అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఈ చికిత్స నడుస్తుండగా జ్వరం వస్తే మాత్రం తెల్లవారే దాకా ఆగక ఆ రాత్రే ఆస్పత్రికి చేర్చాలి.

మొదటి దశలో పట్టుబడితే ఎక్కువమందికి నయమవుతుంది. మూడో దశలో జబ్బు తగ్గినా తిరగబెట్టడం ఎక్కువ. అక్కయ్యకు నాలుగేళ్లకు తిరగబెట్టింది, ఆరో ఏట పోయింది. ఆ నాలుగేళ్లూ తన గేదెల్ని తానే పితికింది, మనవరాలి పెళ్లి కళ్లారా చూసింది. ఆ సంవత్సరాలు చికిత్స ఇచ్చినవే.

వంశపారంపర్యం

బి.ఆర్.సి.ఎ.1, బి.ఆర్.సి.ఎ.2 అనే జన్యువులలో లోపం ఉన్న కుటుంబాలలో అండాశయ, రొమ్ము కాన్సర్లు ఎక్కువగా వస్తాయి. ఈ లోపం తల్లి వైపు నుంచే కాదు, తండ్రి వైపు నుంచి కూడా రావచ్చు. అండాశయ కాన్సర్ వచ్చిన ప్రతి స్త్రీకీ ఈ పరీక్ష గురించి డాక్టరును అడగాలి. లోపం ఉన్నవారిలో ఒలాపరిబ్ అనే మాత్రలు జబ్బు తిరగబెట్టడాన్ని చాలాకాలం వాయిదా వేస్తాయని 2018లో తేలింది. కూతుళ్లకు, అక్కచెల్లెళ్లకు లోపం ఉందని తెలిస్తే, పిల్లలు పుట్టాక అండాశయాలు, అండవాహికలు తీయించుకొని ముప్పును బాగా తగ్గించుకోవచ్చు.

మనం చేయవలసినవి

ఖర్చుకు భయపడి ఇంట్లో కూర్చోవద్దు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద తెలంగాణలోను, అదే పథకం ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ పేరుతో నడుస్తున్న ఆంధ్రప్రదేశ్‌లోను అర్హులైనవారికి కాన్సర్ చికిత్స ఉంది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ ఆస్పత్రి, విశాఖపట్నంలో హోమీ భాభా కాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. నాటు మందులతో నెలలు పోగొట్టుకోవద్దు.

ఇది అంటువ్యాధి కాదు. ఈ జబ్బున్న ఇల్లాలు పితికిన పాలు సంఘంలో పోయడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరాదు. ఆమె ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో ఆ ఇంటి పశువులకు మేత వేసి, పాలు కేంద్రానికి చేర్చే పని ఇరుగుపొరుగు సభ్యులు పంచుకుంటే, అంతకు మించిన సహకారం లేదు.

సోదరులారా, ఈ రాత్రి భోజనాల దగ్గర మీ ఇంటి ఆడవారు ఎంత తింటున్నారో ఒకసారి గమనించండి. సోదరీమణులారా, కడుపులో బాధను దాచుకోవద్దు.